మీ క్రేన్ రిమోట్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

గోదావరి డెల్టాలో క్రేన్లూ హాయిస్టులూ పెట్టుకుని పనిచేయించే యార్డుల, మిల్లుల, వర్క్‌షాపుల యజమానులందరికీ నమస్కారం.

పోయిన వారం రావులపాలెం దగ్గర సిమెంటు తూములు పోసే ఒక యార్డు నుంచి ఫోన్ వచ్చింది. "క్రేన్ కదలట్లేదండీ, లారీ నిలబడిపోయింది, కాస్త తొందరగా రండి" అన్నారు. వెళ్ళాను. "రిమోట్ ఏదండీ?" అని అడిగాను. మేస్త్రి సూపర్‌వైజర్ వైపు చూశాడు. సూపర్‌వైజర్ ఆఫీసు గదిలోకి వెళ్ళి బల్ల మీద కాగితాలన్నీ ఎత్తి చూశాడు. లారీ క్యాబిన్‌లో వెతికారు, టీ ఫ్లాస్కు వెనక వెతికారు. పావుగంట తర్వాత తేలిందేమిటంటే, హెల్పర్ కుర్రాడు దాన్ని లుంగీ మడతలో దోపుకుని భోజనానికి ఇంటికెళ్ళాడు. క్రేన్‌కి ఏ జబ్బూ లేదు. రిమోట్ ఊళ్ళో ఉంది, క్రేన్ యార్డులో ఉంది.

అందరూ నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. కుర్రాడు సైకిల్ మీద గేటు దాటి లోపలికి వచ్చేదాకా. అతను లోపలికి రాగానే పైన ప్యానెల్లో కాంటాక్టర్, అంటే మోటార్లకు కరెంటు కలిపే స్విచ్చు, టక్కుమంది, హుక్కు జానెడు కిందికి జారి ఆగింది. రిమోట్ కీ ఆన్‌లోనే ఉంది. సైకిల్ తొక్కే ఊపుకి లుంగీ బిగుసుకుని స్టార్ట్ బటనూ, దాని తర్వాత ఇంకో బటనూ నొక్కుకున్నాయి. హుక్కు కింద అప్పుడు ఎవరూ లేరు. "ఆయ్, మర్చిపోయి పట్టుకెళ్ళిపోయానండి" అన్నాడు కుర్రాడు. అతన్ని తిట్టడానికి నాకు మనసు రాలేదు. ఆ రిమోట్ నీ బాధ్యత అని అతనికి చెప్పినవాళ్ళు లేరు. వేరేవాళ్ళ బాధ్యత అని కూడా చెప్పలేదు.

నేను ఎలక్ట్రీషియన్‌ని. 22 ఏళ్ళుగా రెండు గోదావరి జిల్లాల్లో, కోనసీమలో క్రేన్ ప్యానెళ్ళు, హాయిస్టులు, ఇప్పుడీ రేడియో రిమోట్లు బిగిస్తూ, బాగుచేస్తూ తిరుగుతున్నాను. తాడేపల్లిగూడెం ఇనుప యార్డుల దగ్గర నుంచి కాకినాడ వైపు ఫ్యాబ్రికేషన్ షెడ్ల దాకా మీలో చాలామంది నా చేతి టీ గ్లాసు ఎరుగుదురు. పని చేస్తుండగా ఈ విషయం ఎత్తితే "సరే సరే, చూద్దాం" అంటారు, లారీ వస్తుంది, మాట అక్కడే ఆగిపోతుంది. అందుకని తీరిగ్గా కూర్చుని అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందే ఒక మాట. రిమోట్లు వద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. పాత పెండెంట్ రోజులు నాకు బాగా గుర్తు. పై నుంచి వేలాడే వైరు, దాని చివర బటన్ల పెట్టె. వానాకాలంలో ఆ వైరు ఎక్కడో ఒరుసుకుపోయి, తడి చేత్తో పట్టుకుంటే ఝల్లుమనేది. వైరు పొడవు ఎంత ఉంటే అంతే దూరంలో నిలబడాలి కాబట్టి ఆపరేటర్ బరువు పక్కనే, ఒక్కోసారి బరువుకీ గోడకీ మధ్యన నడిచేవాడు. రిమోట్ వచ్చాక దూరంగా, అంతా కనిపించే చోట నిలబడొచ్చు. అది నిజమైన మేలు, కాదనను.

కానీ ఆ వైరు మనకు తెలియకుండా ఇంకో చాకిరీ కూడా చేసేది. దాన్ని ఎవడూ ఇంటికి పట్టుకెళ్ళలేడు. ఏ క్రేన్‌ది ఏ పెండెంటో తల ఎత్తి చూస్తే తెలిసిపోయేది. ఒక క్రేన్‌కి ఒకటే ఉండేది. అది ఎవరి చేతిలో ఉందో షెడ్డులో అందరికీ కనపడేది. వైరు తీసేసిన రోజున ఈ కాపలా అంతా పోయింది. ఆ స్థానంలో మనం ఏం పెట్టాం? నేను చూసిన చాలా చోట్ల ఏమీ పెట్టలేదు. టీవీ రిమోట్ మంచం మీద పడేసినట్టు పడేస్తున్నాం.

ఇక నా సొంత కథ. ఇది చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

పదేళ్ళ పైమాట. ఒక ఇనుప యార్డు, ఏ ఊరో అక్కర్లేదు. 5 టన్నుల క్రేన్. ఎల్‌టీ బ్రేకు, అంటే క్రేన్ మొత్తాన్ని షెడ్డు పొడవునా నడిపే మోటారు బ్రేకు, లైనర్లు అరిగిపోయాయి. నిచ్చెన వేసుకుని పైకెక్కి గర్డర్ మీద, అంటే క్రేన్ అడ్డ దూలం మీద, కూర్చున్నాను. ఎక్కేముందు రిమోట్ ఆపి కీ తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. కీ నా దగ్గరుంది, ఇంకెవడు కదుపుతాడు అనుకున్నాను. గోడ మీద మెయిన్ స్విచ్ మాత్రం దించలేదు. మధ్యమధ్యలో కరెంటు ఇచ్చి బ్రేకు విడుస్తోందో లేదో చూసుకోవాలి, ప్రతిసారీ కిందికి దిగి ఎక్కడం ఎందుకని. ఇంకో మాటలో చెప్పాలంటే బద్ధకం.

ఆ యార్డులో ఆ క్రేన్‌కి రెండో రిమోట్ ఉందని నాకు తెలియదు. కొన్ని కిట్లలో ఒక రిసీవర్‌కి, అంటే క్రేన్ మీద ఉండి రిమోట్ మాట వినే పెట్టెకి, రెండు రిమోట్లు ఇస్తారు, రెండూ ఒకే నంబరు మీద పనిచేస్తాయి, దేని కీ దానికే ఉంటుంది. రెండోది ఆఫీసు సొరుగులో, కీతో సహా, పెట్టెలోనే ఉంది. లారీ వచ్చింది. యజమాని బావమరిది గారు బల్ల మీదున్న రిమోట్ చూశారు, దానికి కీ లేదు. పాడైందేమో అనుకుని సొరుగులోది తీశారు. షెడ్డు ఆ చివర నుంచి బటన్ నొక్కారు.

క్రేన్ కదిలింది. నా ఎడమ చెయ్యి బ్రేకు డ్రమ్ము పక్కన ఉంది. నేను అరిచిన అరుపుకి ఆయన బటన్ వదిలేశారు. కానీ బ్రేకు విప్పి ఉంది కదా, వదిలాక కూడా క్రేన్ దాని ఊపు మీద దొర్లుతూ పోయింది. ఆ కాసేపట్లో నా చూపుడు వేలు నలిగింది. ఇప్పటికీ ఆ గోరు వంకరగానే వస్తుంది. వేలితో పోయింది. ఇంకొక్క అడుగు అటు కూర్చుని ఉంటే మా ఇంటావిడే మీకీ ఉత్తరం రాసేది.

బావమరిది గారిని నేనేమీ అనలేదు. నేను పైన ఉన్నానని ఆయనకు ఎలా తెలుస్తుంది? తప్పు నాది, సగం ఆ సొరుగుది. ఆ రోజు నుంచి నా సంచిలో ఒక తాళం కప్ప ఉంటుంది. ఏ క్రేన్ ఎక్కినా ముందు మెయిన్ దించి, హ్యాండిల్‌కి ఆ కప్ప వేసి, చెవి నా దగ్గర పెట్టుకుంటాను. కరెంటు కావలసి వస్తే దిగుతాను, మళ్ళీ ఎక్కుతాను. మీ మనుషులు "ఏంటి బాబాయ్, మా మీద నమ్మకం లేదా?" అని ఎకసెక్కాలాడతారు. ఆడనివ్వండి. రిమోట్ కీ తీసేయడం అంటే ఆ ఒక్క రిమోట్ నోరు మూయించడమే. కరెంటు అక్కడే ఉంటుంది. మీ దగ్గర ఎవరు క్రేన్ ఎక్కినా, గ్రీజు పెట్టడానికైనా సరే, మెయిన్‌కి తాళం పడకుండా నిచ్చెన మీద కాలు పెట్టనివ్వకండి.

ఆ సొరుగు సంగతి మళ్ళీ చెబుతాను, ఎందుకంటే ఇప్పటికీ ప్రతి మూడో చోటా అదే సొరుగు కనిపిస్తోంది. రెండో రిమోట్ ఉండాలి, కాదనను. ఒకటి పాడైతే పని ఆగకూడదు. కానీ దాని సెల్లులు తీసేసి, కీ వేరే చోట, ఒక్క మనిషి దగ్గర ఉండాలి. మొదటిది బయట ఉండగా రెండోది బయటికి రాకూడదు. ఇంకో గొడవ కూడా ఉంది. రిమోట్ కింద పడి పగిలిందనుకోండి, బజారులో ఎవరో పాతదాని నంబరునే కొత్తదానిలోకి ఎక్కించి ఇస్తారు. పాతది అటక మీద పడేస్తారు. ఆరు నెలలకు ఎవరో దాని రబ్బరు మార్చి బతికిస్తారు. ఇప్పుడు మీ క్రేన్‌కి మీకు తెలియని ఇంకో యజమాని ఉన్నాడన్నమాట. పాతదాన్ని పారేయాలంటే లోపలి బోర్డు విరిచి పారేయండి.

ఈ నంబరు సంగతి కాస్త వివరంగా తెలిస్తే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి. రిమోట్ తను పంపే ప్రతి మాటతోపాటు తన గుర్తింపు నంబరు కూడా పంపుతుంది. పైన రిసీవర్ ఆ నంబరు తనదైతేనే వింటుంది. అందుకే పక్క యార్డు రిమోట్‌తో మీ క్రేన్ కదలదు, సెల్‌ఫోన్ మోగితే కదలదు. మంచి ఏర్పాటే. కానీ దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒక షెడ్డులో రెండు క్రేన్లు, రెండు పసుపుపచ్చ రిమోట్లు, రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. రాత్రి ఛార్జింగ్‌కి పెట్టారు, పొద్దున ఎవరికి దొరికింది వాళ్ళు తీసుకున్నారు. ఒకతను పైకి అని నొక్కాడు, తన ముందున్న క్రేన్ కదల్లేదు. ఇంకోసారి గట్టిగా నొక్కాడు. అవతలి క్రేన్ కింద ఇద్దరు ఊచల కట్టకి చైను వేస్తున్నారు, ఆ కట్ట ఒక కొన లేచి ఒకతని పాదం మీద పడింది. వాళ్ళ ఆపరేటర్ తన చేతిలో ఉన్న రిమోట్ మీది ఎర్ర బటన్, అంటే ఎమర్జెన్సీ స్టాప్, బలంగా కొట్టాడు. ఆగలేదు. ఎలా ఆగుతుంది? ఆ రిమోట్‌కి ఆ క్రేన్‌తో చుట్టరికమే లేదు. బూటు ఉంది కాబట్టి కాలు దక్కింది.

ఎమర్జెన్సీ స్టాప్ గురించి ఐఎస్‌ఓ 13850 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పనిచేసే ఎమర్జెన్సీ బటన్‌నీ పనిచేయని దాన్నీ చూసి మనిషి పొరబడే అవకాశం ఉండకూడదని అందులో ఉంది. వైరు లేని కంట్రోళ్ళ కోసమే ప్రత్యేకంగా ఐఈసీ 62745 అని ఇంకోటి 2017లో వచ్చింది. ఆ పుస్తకాలు మీరు చదవక్కర్లేదు. ఒక రంగు డబ్బా కొనండి. ఒకటో నంబరు క్రేన్ హుక్కుకీ, గర్డర్‌కీ, రిమోట్ వీపుకీ ఒకే రంగు. రెండోదానికి ఇంకో రంగు. తెలుగు చదవలేని ఒడియా కుర్రాడికైనా, బిహారీ కుర్రాడికైనా రంగు తెలుస్తుంది.

రంగు డబ్బా తెరిచారు కాబట్టి ఇంకో పని కూడా చేయించేయండి. రిమోట్ మీద బాణం గుర్తులో, తూర్పు పడమరలకు ఇంగ్లీషు అక్షరాలో ఉంటాయి. పెండెంట్ పట్టుకున్నప్పుడు మనిషి ఎప్పుడూ దాదాపు ఒకే వైపు నిలబడేవాడు. రిమోట్ పట్టుకున్నవాడు బరువు చుట్టూ తిరుగుతాడు, అటు తిరిగి నిలబడేసరికి కుడి ఎడమైపోతుంది. పాలకొల్లు దగ్గర ఒక మిల్లులో మేస్త్రి ఒకాయన ఏం చేశాడంటే, గర్డర్ మీద పెద్ద అక్షరాలతో ఒక చివర "కాలవ", ఇంకో చివర "రోడ్డు" అని రాయించాడు. హుక్కుని మోసే ట్రాలీ కదిలే వైపులకు "గోడ", "గేటు". రిమోట్ బటన్ల పక్కన అవే మాటలు చిన్న స్టిక్కర్ల మీద. మన వైపు దారి అడిగితే "ఏటి వైపు వెళ్ళి కాలవ గట్టు మీద తిరగండి" అనే చెబుతాం కదా. ఎటు తిరిగి నిలబడినా కాలవ కాలవ దగ్గరే ఉంటుంది. నేను చూసిన వాటిలో ఇంత తెలివైన ఏర్పాటు ఏ కంపెనీ పుస్తకంలోనూ లేదు.

ఇప్పుడు ఎర్ర బటన్. దీని మీద మనవాళ్ళకు రెండు రకాల భ్రమలున్నాయి. అది నొక్కితే అంతా ఆ క్షణమే బొమ్మలా ఆగిపోతుందని ఒకటి. రిమోట్ చేతిలో ఉంటే చాలు, అది ఎప్పుడూ పనిచేస్తుందని రెండోది.

రిమోట్ నుంచి మాట వస్తున్నంతసేపే రిసీవర్ మెయిన్ కాంటాక్టర్‌ని పట్టి ఉంచుతుంది. సెల్లు అయిపోయినా, రిమోట్ దూరం పోయినా, మధ్యలో ఇనుప గోడ అడ్డొచ్చినా మాట ఆగిపోతుంది, అప్పుడు రిసీవర్ దానంతటదే కాంటాక్టర్‌ని వదిలేస్తుంది. మంచిదే. కానీ మాట ఆగిందని నిర్ధారించుకోవడానికి దానికి కొంత సమయం కావాలి. కిట్టుని బట్టి అర సెకను నుంచి రెండు సెకన్ల దాకా. రెండు సెకన్లేగా అంటారు. నిమిషానికి 20 మీటర్లు నడిచే క్రేన్ సెకనుకి 33 సెంటీమీటర్లు పోతుంది, రెండు సెకన్లలో రెండడుగుల పైన. ఆ తర్వాత బ్రేకు పట్టాలి. ఎర్ర బటన్ నొక్కితే ఇంతకంటే తొందరగానే ఆగుతుంది, ఎందుకంటే అప్పుడు రిమోట్ ఆగమని గట్టిగా చెబుతుంది. మాట వినపడక రిసీవర్ సందేహంలో ఉండే వ్యవహారం కాదు.

ఆగేది కూడా పైన క్రేనే. కింద బరువు ఆగదు, ఊగుతుంది. హుక్కు కింద 6 మీటర్ల తాడు ఉంటే ఒక ఊపు వెళ్ళి రావడానికి 5 సెకన్లు పడుతుంది. అటు గోడ దగ్గర నిలబడ్డవాడు "ఆగింది" అనుకుని ఒక అడుగు ముందుకు వేస్తాడు, సరిగ్గా అప్పుడే కట్ట తిరిగి అతని మీదికి వస్తుంది. అందుకని మామూలుగా ఆపడానికి ఎర్ర బటన్ వాడకూడదు. చాలా రిమోట్లలో కదిపే బటన్ సగం నొక్కితే నెమ్మది, పూర్తిగా నొక్కితే వేగం. చేరే చోటికి ముందే సగానికి తగ్గించి వదిలేయడం చేతికి అలవాటు కావాలి. ఆపద వచ్చినప్పుడు మాత్రం ఊగుతుందేమో అని ఆలోచించకుండా ఎర్రదే కొట్టాలి. ఈ రెండూ కొత్తవాడికి మొదటి రోజే, ఖాళీ హుక్కుతో చేయించి చూపించాలి. నోటితో చెబితే సరిపోదు.

ఇక చెప్పడానికి నాకే కోపం వచ్చే సంగతి. రిసీవర్‌లో స్టాప్ రిలే అని ఒకటి ఉంటుంది, ఎర్ర బటన్ మాట వినేది అదే. సిగ్నల్ తేడా వచ్చి అది ఊరికే కొట్టేస్తుంటే మీలో కొందరు "ఇప్పటికి బైపాస్ చేసెయ్యి, లోడు వెళ్ళిపోయాక చూద్దాం" అంటారు. ఒక ముక్క వైరుతో రెండు నిమిషాల పని. ఆ తర్వాత ఎర్ర బటన్ నొక్కితే ఎర్ర బటన్ లోపలికి వెళుతుంది, అంతే. లోడు వెళ్ళిపోతుంది, ఆ వైరు ముక్క మాత్రం ఉండిపోతుంది. నేను తీసిన అలాంటి ముక్కలు మా ఇంట్లో ఒక డబ్బాలో ఉన్నాయి. కొన్నిటి మీద దుమ్ము చూస్తే రెండు మూడు సంక్రాంతులు చూసినట్టున్నాయి. ఒకటి రెండు నేను వేసినవే, చిన్నతనంలో. ఇప్పుడు వేయను. అడిగి ఇబ్బంది పెట్టకండి.

వేరే ఎవరైనా వేసి వెళ్ళారేమో మీరే తెలుసుకోవచ్చు. రోజూ షిఫ్ట్ మొదట్లో, బరువు లేకుండా, హుక్కుని నెమ్మదిగా పైకి నడిపిస్తూ ఎర్ర బటన్ నొక్కించండి. ఆగాలి. అది నొక్కి ఉండగా ఏ బటన్ నొక్కినా కదలకూడదు. దాన్ని తిప్పి వదిలాక దానంతటది కదలకూడదు, మళ్ళీ స్టార్ట్ నొక్కితేనే ప్రాణం రావాలి. తర్వాత హుక్కుని నెమ్మదిగా పైదాకా పంపి, అది మరీ పైకి పోకుండా ఆపే లిమిట్ స్విచ్ దగ్గర ఆగుతుందో లేదో చూడండి. వారానికోసారి ఖాళీ క్రేన్ నడుస్తుండగా రిమోట్ సెల్లు ఊడదీసి, ఎంతసేపటికి ఆగుతుందో కళ్ళతో చూడండి. అంతా కలిపి టీ చల్లారేలోపు అయిపోతుంది. ఏ ఒక్కటి తేడా వచ్చినా ఆ రోజుకి ఆ క్రేన్ లేదనుకోండి.

రిమోట్ మీద ఎర్ర బటన్ ఉంది కదా అని గోడ మీద మెయిన్‌ని మర్చిపోయేవాళ్ళున్నారు. చాలా మిల్లుల్లో దాని ముందు బస్తాలు పేర్చేస్తారు. రిమోట్ చేతిలోంచి జారిపడి పగిలితే, లేదా కాంటాక్టర్ అతుక్కుపోయి వదలకపోతే, పరుగెత్తి చెయ్యి వేయాల్సింది ఆ మెయిన్ మీదే. కాంటాక్టర్ పాయింట్లు కాలి అతుక్కుంటే రిమోట్ ఎంత అరిచినా అది వదలదు. దాని ముందు నుంచి బస్తాలు తీయించండి.

మన వాతావరణం గురించి కొంచెం. ఇక్కడ ఆరు నెలలు గాలి పిండితే నీళ్ళు కారతాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు వెళితే దానికి ఉప్పు కూడా తోడు. మిల్లుల్లో తవుడు, ఊక దుమ్ము. రిమోట్ మీద ఐపీ 65 అని రాసి ఉంటుంది, అంటే దుమ్ము లోపలికి పోదు, నీళ్ళు చిమ్మినా తట్టుకుంటుంది అని. అది బటన్ల మీద రబ్బరు చెక్కుచెదరకుండా ఉన్నంతవరకే. గోరు తగిలి రబ్బరు చిరిగాక ఆ అంకెకి విలువ లేదు, లోపల తేమ చేరి బటన్ నొక్కింది నొక్కినట్టే ఉండిపోవచ్చు. వానకి అడ్డంగా పాలిథిన్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వేస్తుంటారు. ఆ బ్యాండు ఏ బటన్ మీద బిగుసుకుంటుందో దేవుడికే తెలియాలి. బటన్ ఒత్తి ఉంచడానికి వేలు నొప్పి పుడుతుందని అగ్గిపుల్ల దోపినవాణ్ణి కూడా చూశాను. వేలు తీస్తే ఆగాలనే కదా ఆ బటన్ అలా తయారుచేసింది! సెల్లులు మార్చేటప్పుడు పాతదొకటి కొత్తదొకటి కలపకండి, స్ప్రింగుకి చిలుము పడితే గీకేసి సరిపెట్టకండి. సెల్లు తగ్గిందని ఎర్ర లైటు వెలగడం మొదలైతే బరువు దించి మార్చాలి. "ఈ ఒక్క లోడు అయ్యాక" అనకూడదు.

కరెంటు పోయినప్పుడు బరువు గాల్లో ఉండిపోతుంది. బ్రేకు స్ప్రింగుతో పట్టి ఉంచుతుంది కాబట్టి కంగారు లేదు. కంగారు ఎక్కడంటే, కరెంటు ఎప్పుడొస్తుందో అని ఆపరేటర్ రిమోట్ పక్కన పెట్టి చుట్ట వెలిగించుకోవడానికి పోతాడు, మిగతావాళ్ళు ఆ బరువు కిందనే దగ్గరి దారి చేసుకుని నడుస్తారు. కింద తాడు కట్టండి, కీ తీసేయండి, ఒక మనిషిని నిలబెట్టండి.

చూపు సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. రిమోట్ వంద మీటర్లు అందుతుంది, మనిషి చూపుకి గుంజ అడ్డొస్తే పది మీటర్లు కూడా అందదు. బరువూ, అది దిగే చోటూ, అక్కడి మనుషులూ కనపడకపోతే బటన్ నొక్కకూడదు. సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి. "ఆపు" అని మాత్రం ఎవరు అరిచినా ఆపాలి, స్వీపర్ అరిచినా సరే. చైను వేసేవాడు చేతులు తీసి వెనక్కి జరిగాడని ఆపరేటర్ కళ్ళతో చూడాలి.

చట్టం మాట ఎత్తితే మీకు ఇన్‌స్పెక్టర్ గుర్తొస్తాడు, అందుకని రెండే ముక్కలు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948 లోని 29వ సెక్షన్ క్రేన్లూ చైన్ల గురించే ఉండేది. ఎత్తే యంత్రాన్ని అర్హత ఉన్న మనిషి కనీసం 12 నెలలకోసారి పూర్తిగా పరీక్షించాలి, ఎంత బరువు ఎత్తొచ్చో దాని మీద రాసి ఉండాలి అని అందులో ఉండేది. క్రేన్ పట్టాల మీదో పక్కనో, క్రేన్ తగిలే చోట ఎవరైనా పనిచేస్తుంటే, క్రేన్ 6 మీటర్ల లోపలికి రాకుండా ఏర్పాటు చేయాలని కూడా ఉండేది. ఆ దూరం మాట మొదట రాసిన రోజుల్లో మన షెడ్లలో రిమోట్లు లేవు. నా వేలు నలిగిన రోజు ఆ ఒక్క ముక్క ఎవరికైనా గుర్తుండి ఉంటే బాగుండేది, ముందు నాకు.

ఇంతకీ మీ నుంచి నేను అడిగేది ఒక అరవై పేజీల నోటుపుస్తకం. రిమోట్ ఉండే చోట ఒక మేకు, మేకుకి ఆ పుస్తకం, దారంతో కట్టిన పెన్ను. పొద్దున రిమోట్ తీసుకున్నవాడు పేరు రాసి, టైము రాసి, ఎర్ర బటన్ చూశానని టిక్కు పెట్టాలి. భోజనానికి వెళితే కీ తీసి మేకుకి తగిలించి వెళ్ళాలి. చేతులు మారితే పేరు మారాలి. ఎవరి పేరు ఉందో వాళ్ళు తప్ప ఇంకెవరూ నొక్కకూడదు. యజమాని అయినా, యజమాని బావమరిది అయినా. నరసాపురం సఖినేటిపల్లి రేవులో పంటు దాటినప్పుడు కార్లున్నవాళ్ళు, పెద్దమనుషులు ఎందరు ఎక్కినా సరంగు చేతిలో చుక్కాని "ఇటివ్వు, నేను చూస్తా" అని ఎవరైనా లాక్కోవడం చూశారా?

మీరు చెప్పే ఇబ్బంది నాకు తెలుసు. మనుషులు నిలకడగా ఉండరు, ఇవాళ ఉన్నవాడు రేపు హైదరాబాద్ పోతాడు, సంక్రాంతి మూడు రోజులూ ఆపరేటర్ పందెం బరి దగ్గర ఉంటాడు, లారీ మాత్రం గేటు దగ్గర ఉంటుంది. నిజమే. అందుకే పుస్తకం కావాలంటున్నాను. మనుషులు మారని చోట పుస్తకంతో అంత పని లేదు. నేర్చుకున్నవాళ్ళ పేర్లు మొదటి పేజీలో రాయండి, ఆ పేజీలో పేరు లేనివాడికి రిమోట్ ఇవ్వకండి. ముగ్గురికి నేర్పించి పెట్టుకుంటే పండక్కి ఒకడైనా మిగులుతాడు. నేర్పడానికి మనిషి లేడంటే నేను వస్తాను, ఒక పూట చాలు, దానికి డబ్బులు అడగను. భోజనం పెట్టండి, పులస ఏమీ అక్కర్లేదు.

ఎండాకాలం కాలవలు కట్టేశాక షట్టర్ల పని, తూముల పని ఒక్కసారిగా మీద పడతాయి. అప్పుడు నాకు రోజుకి నాలుగు ఫోన్లు వస్తాయి. ఈసారి మీ షెడ్డుకి వచ్చినప్పుడు ప్యానెల్ తలుపు తెరిచేముందు ఆ పుస్తకం అడుగుతాను. ఉంటే చూసి పనిలోకి దిగుతాను. లేకపోతే పక్క కిరాణా కొట్టుకి మీ కుర్రాణ్ణి పంపించి తెప్పిస్తాను, అది వచ్చి మేకుకి వేలాడేదాకా టీ తాగుతూ కూర్చుంటాను. మొదటి పేరు మాత్రం మీరే రాయాలి.

ఇట్లు,
మీ యార్డులకు వచ్చిపోయే క్రేన్ ఎలక్ట్రీషియన్